దయగల యజమాని

పనివానిచేత మనస్ఫూర్తిగా పనిచేయించుట యెట్లు? ప్రశ్న క్రొత్తది కాదు. పాలేరును పెట్టుకొన్న రైతు మొదలు వేలమందికి జీతములిచ్చు కంపెనీ వఱకు, యజమాని యైన ప్రతివాడును ఎప్పుడో యొకప్పుడు దీనిని తనలో తాను వేసికొన్నవాడే. ఈ దినములలో మాత్రము దీనికొక శాస్త్రమును, ఆ శాస్త్రమును బోధించు నిపుణులును ఏర్పడినారు. హైదరాబాదు నగరమున మాధాపురము వైపు మేడలలో నడచు కంప్యూటరు కార్యాలయములయందు ఉద్యోగుల యుల్లాసమును కనిపెట్టి చూచుటకే వేఱుగా ఉద్యోగులుందురు. ఆటబల్లలు, కాఫీ యంత్రములు, పుట్టినరోజు కేకులు, మనస్సు కలతపడినపుడు మాటలాడుటకు సలహాదారులు, ఇవి యన్నియు నచట గలవు. వీనిని పరిహసించుట నా యుద్దేశము గాదు. పనిచోటి యొత్తిడి మనుష్యుని లోలోపల కాల్చివేయుననుట కల్పన గాదు. ప్రపంచారోగ్యసంస్థ 2019లో తన రోగముల వర్గీకరణమున దీనిని పేర్కొన్నది. అయితే రోగమనలేదు, సరిగా చక్కబెట్టని పనిచోటి యొత్తిడినుండి పుట్టు స్థితి యన్నది. అనగా దోషమును పనివాని నరములలో గాక పనిచోటియందే వెదకవలెనని యర్థము.

ఇంతవఱకు శాస్త్రము బాగుగనే యున్నది. కాని యొక ప్రశ్నను మాత్ర మది తఱచుగా దాటిపోవుచున్నది. పనియందలి యుల్లాసము యజమాని యిచ్చు కానుకయా, లేక పనివాడు తన హక్కును తానెఱిగి నిలబడుటవలన గలుగునదియా? పై మేడలలో నీ ప్రశ్నకు సమాధానము దొఱకుట కష్టము, అలంకారములు హెచ్చు. హైటెక్ సిటీ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, బేగంపేట, సికింద్రాబాదు, కాచిగూడ, మలకుపేట దాటి, ఫలక్‌నుమా త్రోవలో యాకుత్‌పురాయందు దిగినచో, అదే ప్రశ్న అలంకారము లేక మన యెదుట నిలుచును.

పాతనగర ప్రాకారమునకుండిన యాకుత్‌పురా దర్వాజా నేడు లేదు. పేరు మాత్రము పేటకు మిగిలినది. ఆ పేటలోను, చుట్టుపట్ల గల్లీలలోను ఇండ్లే కార్ఖానాలు. ఒక గది, ఒక దీపము, నేలకు జానెడెత్తున చెక్కచట్రము, దానికి బిగించిన పట్టుగుడ్డ. చుట్టును నలుగురైదుగురు కారిగరులు కూర్చుండి, వెన్ను వంచి, కొక్కెపు మొనగల ఆరీసూదితో జరీని, చమ్కీలను, పూసలను గుడ్డపైకి లాగుచుందురు. వారు దీనిని కార్‌చోబ్ అందురు. మన యిండ్లలో మగ్గముపని యందురు. పెండ్లిలో మన యాడపడుచు తొడుగుకొన్న రవిక చేతిమీది నెమలి యిట్టి చట్రముల మీదనే పురి విప్పినది. పదునైదేండ్లు ఈ పనిచేసినవానికి వెన్నునొప్పియు, చూపుమాంద్యమును జీతముతో పాటు వచ్చును. ఇక చార్మినారు ప్రక్క లాడ్ బజారులో మెఱయు లక్కగాజుల సంగతి. లక్కను నిప్పులమీద మెత్తపఱచి, సాగదీసి, గుండ్రముగా చుట్టి, వేడి తగ్గకముందే రాళ్లను ఒక్కొక్కటిగా నద్దవలెను. ఆలస్యమైనచో రాయి నిలువదు. తొందరపడినచో వేలు కాలును. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు ఊరికి వచ్చినది, వేళ్లకింకను రావలసియున్నది.

ఈ కార్ఖానాలలో ఉల్లాసాధికారులు లేరు. కాని దయ గలదు. చూడనివారు దీనిని నమ్మరు. యజమానిని ఉస్తాదందురు, ఆయన పలుమాఱు తానును చిన్ననాడు అదే చట్రము ముందు కూర్చుండి పని నేర్చినవాడే. రంజానులో ఇఫ్తారు పెట్టును. ఈదునకు బట్టలు కొనియిచ్చును. కారిగరు భార్య ఆసుపత్రిలోనున్నచో అర్ధరాత్రి తన జేబులోని పైకము తీసి చేతబెట్టును. పెద్ద కార్యాలయముల కేకులకంటె నీ దయ వెచ్చనిదనుటలో సందేహము లేదు. అయినను నేనడుగునది యిది: ఆ కారిగరు తన వారపు లెక్కను అడుగగలడా?

దయ పొందినవాడు లెక్క అడుగలేడు. అడిగినచో కృతఘ్నుడగును. ఇది దయయందలి దోషమని నేననను. లెక్కకు బదులుగా దయను నిలిపినచో వచ్చు ఫలమందును. దయ ఇచ్చువాని మనస్సు ననుసరించి పెరుగును, తరుగును. నేడు నవ్విన ఉస్తాదు రేపు మొగము ముడుచుకొన్నచో పనివాడు రాత్రియంతయు కారణము వెదకుకొనును. నేడు మనము ఒత్తిడి యని పెద్దపేరు పెట్టి పిలుచు వస్తువు ఇచటనే పుట్టుచున్నది. పని యెక్కువగుటవలన మాత్రమే పుట్టుట లేదు. అదే కారిగరు తన కూతురి పెండ్లికి ఓణీమీద వారముదినములు రాత్రులు మేలుకొని పనిచేయును; కండ్లు అవే, సూది అదే, వెన్నునొప్పి యదే. కాని అలసటయే గాని ఆందోళన యుండదు. కార్ఖానాలో నట్లుగాదు. ఈ పీసునకు ఎంత వచ్చును? ఎప్పుడు వచ్చును? మరక పడినదని ఎంత పట్టుకొందురు? పాత బాకీలో ఎంత తగ్గినది? ఈ నాలుగు ప్రశ్నలకును జవాబు తెలియకపోవుటయే ఆతని గుండెమీద కూర్చున్న బరువు.

పనివారి యుత్సాహమును గుఱించి ఉపన్యసించువారు తఱచుగా చీమలను, తేనెటీగలను ఉదాహరింతురు. తేనెటీగకు పేష్గీ లేదను సంగతి వారికి తోచదు.

పేష్గీ యనగా ముందుగా ఇచ్చు రొక్కము. అప్పుచేసి పనికి కట్టువడుట హైదరాబాదు దేశమునకు క్రొత్త యాచారము గాదు. తెలంగాణపు పల్లెలలో భగేలా యను పేర తరతరములుగా సాగిన కట్టుబానిసత్వమును అదుపులో పెట్టుటకు నిజాము ప్రభుత్వము 1936లోనే ఒక నిబంధన చేసినది. స్వతంత్ర భారతమున 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. ఇన్ని చట్టముల తరువాత, 2015 జనవరిలో, యాకుత్‌పురాకు ప్రక్కనే యున్న భవానీనగరు, తలాబ్‌కట్ట ప్రాంతములలో పోలీసులు ఇల్లిల్లు వెదకగా, గాజుల కార్ఖానాలనుండి రెండువందలకు పైగా బాలురు బయటపడినారు. పెక్కుమంది బీహారునుండి తేబడినవారు. తల్లిదండ్రుల చేతిలో కొంత రొక్కము పెట్టి పిల్లలను తోడ్కొనివచ్చినారు. గాలి వెలుతురు లేని గదులలో, లక్కవాసనలో, ప్రొద్దుననుండి రాత్రి వఱకు వారు గాజులకు రాళ్లద్దినారు. తరువాత వారిని రైలులో స్వస్థలములకు పంపినారు.

ఈ వృత్తాంతము పత్రికలలో వచ్చినపుడు చదువరులు రాక్షసులను ఊహించుకొన్నారు. ఆ గదులు పెట్టినవారిలో క్రూరు లుండిరనుటలో అనుమానము లేదు. కాని ఆ బాలురను తెచ్చినవారిలో తాము పేదపిల్లలకు అన్నము పెట్టుచున్నామని మనసార నమ్మినవాడు ఒక్కడును లేడనుకొందురా? పల్లెలో ఆకలితో నున్నవానికి పని నేర్పితిని, తిండి పెట్టితిని, తండ్రికి రొక్క మిచ్చితిని, ఇంతకంటె నేమి చేయుదునను వాదము ఎంత సులభముగా నోటికి వచ్చును! దయ యన్నిటినుండి విడివడి, అడుగువాడు లేనిచోట నొంటరిగా మిగిలినపుడు ఎంతదూరము దిగజాఱగలదో ఆ గదులు చూపినవి. బాలుడు లెక్క అడుగలేడు; భాష రాదు; ఇల్లు వేయిమైళ్ల దూరము. పెద్దవాని స్థితి యింత ఘోరము గాదు. అయినను భేదము పరిమాణమందే గాని జాతియందు గాదు.

ఉల్లాసమును గుఱించిన విద్యకు మూలపురుషులని చెప్పబడువారి చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. రాబర్టు ఓవెను 1800లో స్కాట్లండునందలి న్యూ లానార్కు నూలుమిల్లు నిర్వాహకుడయ్యెను. పదేండ్లకు లోబడిన పిల్లలను పనిలో పెట్టుట మానెను. పనివారిని కొట్టుట, తిట్టుట మాన్పించి, ఒక్కొక్కని ప్రక్కను ఒక చిన్న కొయ్యదిమ్మె వ్రేలాడదీయించెను. దాని నాలుగు ప్రక్కలకు నలుపు, నీలము, పసుపు, తెలుపు రంగులు. నిన్నటి పని మిక్కిలి బాగున్నచో తెలుపు, చెడినచో నలుపు ముందునకు త్రిప్పబడును. మాటలేదు, దెబ్బలేదు. ఈ దిమ్మెను గుఱించి చెప్పువారు పెక్కుమంది. దానితో కూడ ఓవెను పెట్టిన మఱొక నియమమును గుఱించి చెప్పువారు తక్కువ. పై యధికారి తనకు అన్యాయముగా రంగు వేసినాడని తోచిన పనివాడు, ఆ గుర్తు పుస్తకములో కెక్కకముందే, నేరుగా ఓవెను నొద్దకు వచ్చి చెప్పుకొనవచ్చును. దిమ్మె పనిచేసినది రంగువలన గాదు, ఈ తలుపువలన నని నా నమ్మకము. 1806లో అమెరికానుండి ప్రత్తి రాక మిల్లు నాలుగునెలలు నిలిచినపుడు ఓవెను అందఱికిని పూర్తి కూలి యిచ్చెను. మన నగరమున 2020 మార్చిలో అంతయు మూతపడినపుడు పీసు లెక్కన కూలి తీసికొనువారికి పీసుతోబాటు కూలియు నిలిచిపోయినది. ఉస్తాదులలో బియ్యమిచ్చినవారు లేకపోలేదు. బియ్యము దయ, పూర్తికూలి మాట నిలుపుకొనుట.

మఱొక ప్రసిద్ధమైన కథ చికాగో చేరువనున్న హాథార్న్ కర్మాగారమునది. అచట 1927లో టెలిఫోను పరికరములు కూర్చు స్త్రీలను కొందఱిని వేఱుగదిలో కూర్చుండబెట్టి, నడుమ విరామము లిచ్చి, ఫలాహారము పెట్టి, పనిగంటలు తగ్గించి చూచినారు. పని పెరిగినది. ఇచ్చిన సౌకర్యములు కొంతకాలము తీసివేసినను పని మునుపటికంటె నెక్కువగనే యుండినది. మనుష్యులను ఆదరముతో గమనించినంతనే వారు ఉత్సాహముతో పనిచేయుదురని పండితులు దీనినుండి నీతి తీసినారు. నేటికిని ఆ నీతియే పలుచోట్ల బోధింపబడుచున్నది. కాని ఆ గదిలోనే మఱి రెండు సంగతులు జరిగినవి. పెద్ద విభాగపు లెక్కను విడిచి, ఆ చిన్నజట్టు చేసిన పనికే వారి కూలిని ముడిపెట్టినారు. తమ చేతిపనికి తమకెంత వచ్చునో వారు కండ్లార చూచుకొనగలిగినారు. రెండవది, 1928లో ఆ జట్టులో నిద్దఱు స్త్రీలు మాటలు హెచ్చినవి, మాట వినరని బయటికి పంపబడి, వారి స్థానమున వేఱొకరు వచ్చినారు. ఉల్లాసమును కొలిచిన గదిలో నోరు తెఱచినవారికి చోటు లేకపోయినది! ఆదరమును గుఱించిన గ్రంథములలో ఈ యిద్దఱిని గుఱించి ఒక యధ్యాయము వ్రాయదగినది.

నోరు తెఱచు హక్కు లేక ఆదరము నిలువదని మన తెలుగువారిలో గట్టిగా నమ్మినవాడు వి.వి. గిరి. యజమానులును పనివారును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొని తీర్చుకొనవలెనని, పైవారి తీర్పులమీద ఆధారపడరాదని ఆయన వాదము. కేంద్ర కార్మికమంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలముగా వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినపుడు 1954లో పదవినే విడిచినాడు. అయితే ఎదురెదురుగా కూర్చుండుటకు ఒక బల్ల కావలెను. యాకుత్‌పురా గదిలో బల్లయే లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విరామమును, త్రాగునీటిని, గాలివెలుతురులను విధించినది గాని, యంత్రశక్తితో నడచుచోట పదిమంది, లేనిచోట ఇరువదిమంది పనివారుండిననే ఆ చట్టము దానిని ఫ్యాక్టరీ యన్నది. చట్రము చుట్టు కూర్చున్న యైదుగురు చట్టము కంటికి కనబడరు. పిల్లల విషయమున 2016లో సవరించిన చట్టము పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టరాదన్నది. బడి వేళల తరువాత కుటుంబపు పనిలో సాయపడుటను మాత్రము విడిచినది. ఇల్లే కార్ఖానా యైనచోట ఆ మినహాయింపు ఎంత వెడల్పైన తలుపో చెప్పనక్కఱలేదు.

ఇండ్లలో కూర్చుండి పనిచేయు స్త్రీల మాట యింకను వెనుకబడినది. మధ్యవర్తి సంచితో రాళ్లను, గాజులను తెచ్చి గడపలో నిచ్చిపోవును. నాలుగు దినములకు వచ్చి కొనిపోవును. పొయ్యి, పిల్లలు, రాళ్లు, ఒక్క గదిలోనే. ఆమెను అడిగినచో “ఊరక కూర్చుండక ఏదో చేయుచున్నాను” అనును. తాను పనివారాలనని ఆమెకే తెలియదు. ఇట్టి స్త్రీలను ఒక్కచోటికి చేర్చుటకు ఇలా భట్ 1972లో అహమ్మదాబాదున సేవా సంఘమును స్థాపించినది. ఆ సంఘము మొట్టమొదట కానుక లడుగలేదు. వీరిని పనివారుగా లెక్కించుమన్నది. 1996లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఇంటిపనివారికిని తక్కిన కూలివారితో సమానమైన మర్యాద యుండవలెనని ఒడంబడిక చేసినది. పేరు లేనివానికి ఉల్లాసము కల్పించుటకు పూనుకొనుట గాలికి గంధము పూయుటవంటిది.

ఇచటనొక ఆక్షేపణ గలదు, అది బలమైనదే. “అయ్యా, మీరు చెప్పు యజమాని యెవడు? ఉస్తాదు కూడ ఋణగ్రస్తుడే. బట్టలదుకాణము వాడు మూడునెలలకు గాని పైకమియ్యడు. సూరతునుండి యంత్రముతో కుట్టిన గుడ్డలు దిగినవి. పేష్గీ యిచ్చినది మేము బలవంతముగా గాదు, కారిగరే అడిగి తీసికొన్నాడు; తీసికొని మఱొక కార్ఖానాకు పోయినవారును గలరు. లెక్కలు, చీట్లు అని కూర్చున్నచో మా దీపమే ఆఱిపోవును.” ఇందులో అబద్ధము లేదు. అప్పిచ్చుట పాపము గాదు. ఆపదలో అప్పు పుట్టకపోవుట యంతకంటె కష్టము. నేను కోరునది అప్పు పుస్తకము రెండు ప్రతులుగా నుండవలెననియు, ఒకటి కారిగరు జేబులో నుండవలెననియు మాత్రమే. పీసు మొదలిడుటకు ముందే దాని కూలి వ్రాయబడవలెను. వారమునకెంత బాకీలో పట్టుకొందురో ముందే తేలవలెను. బాకీ యున్నను మనుష్యుడు పని మానుకొని పోవచ్చును. అప్పు అప్పుగా మిగులును గాని మనుష్యుని కాలికి కట్టు కారాదు. దీనికి కాగితము ఖర్చు తప్ప మఱేమియు లేదు. ఉస్తాదునకు కూడ దీనివలన లాభమే: లెక్క తేటగా నున్నచోటినుండి పేష్గీ తీసికొని పాఱిపోవువారు తక్కువ. లెక్క యున్నచో ఇఫ్తారు విందు కూడ రుచించును. అప్పుడది బదులుకోరని భోజనము.

మిగిలిన బరువు ఉస్తాదుమీద గాదు. గొలుసు చివర పట్టుకొని యున్నది మనము. ఈ పత్రిక చదువు గృహస్థులలో యజమానులము గామనుకొనువారే యెక్కువ. మనయింట అంట్లు తోమునామెను తలచుకొందము. పండుగకు చీర పెట్టుదుము, పిల్లవాని పుస్తకములకు డబ్బిత్తుము, ఇవి మంచివే. నెలకు నాలుగు దినములు నీవి, ఆ దినములకు జీతము కోయమని ఎప్పుడైన స్పష్టముగా చెప్పితిమా? జ్వరముతో రాని దినమున ఆమె ఫోనులో ఏ గొంతుతో మాటలాడునో వినినచో, మనయిల్లు ఆమెకు ఎటువంటి పనిచోటో తెలియును. “అమ్మా, కోపగించుకోవద్దమ్మా” అని మొదలుపెట్టు మాటలో మన దయకు వచ్చిన మార్కులున్నవి.

రవికల సంగతియు నిట్టిదే. ముహూర్తము రెండునెలల ముందే తెలియును. అయినను చీర కొనుట, రంగు కుదురుట, అత్తవారి యభిప్రాయము వచ్చుట, ఇవన్ని ముగిసి గుడ్డ దుకాణమునకు చేరునప్పటికి వారము మిగులును. “ఎంతైన ఇత్తుము, శుక్రవారమునకు కావలెను” అందుము. ఆ యెక్కువ రొక్కము దుకాణము గల్లాలో పడును. ఆ శుక్రవారము యాకుత్‌పురాలో నాలుగు రాత్రుల నిద్రగా దిగును. మన తొందర అచటి యొత్తిడి. ఇది కవిత్వముగా చెప్పుమాట గాదు. ఒక్కొక్క గంటగా లెక్కవేయదగిన సంగతి. పెండ్లికి నెలముందు గుడ్డ ఇచ్చు గృహిణి ఏ యుపన్యాసమును చేయకయే ఒక కార్ఖానాలో దీపమును పదిగంటలకు ఆర్పించుచున్నది.

ఇంకొకటి గూడ ఆమె చేయవచ్చును. దుకాణములో బేరమాడుటకు ముందు, ఇది యెన్ని దినముల పని, చేసినవారికి ఎంత ముట్టునని యడుగవచ్చును. మొదటిమాఱు దుకాణదారుడు నవ్వి, “అవన్ని మీకెందుకమ్మా” అనును. రెండవమాఱు వేఱొక యామె యదే ప్రశ్న అడిగినపుడు నవ్వడు. మూడవయామె వచ్చునాటికి, లోపలికి పోయి ఉస్తాదుకు ఫోను చేసి, కనుగొని వచ్చి చెప్పును.